మయామీ అంటే ఏ మయామీ?

వికీపీడియాలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జట్ల పేజీలకు పేర్లు ఎలా పెడతారన్నది మనకు అక్కర్లేని సంగతిలా అనిపిస్తుంది. డేటా, సాఫ్ట్‌వేర్ కొలువుల్లో చేరాలనుకునేవాళ్లు మాత్రం ఓ గంట కేటాయించి చూడాల్సిందే!

ఉద్యోగంలో చేరి మూడో నెల. మా క్లయింటు అమెరికాలో కాలేజీ క్రీడల గణాంకాలతో వ్యాపారం చేసే సంస్థ. నా చేతికి రెండు ఎక్సెల్ ఫైళ్లు ఇచ్చారు. ఒకదాంట్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌ల ఫలితాలు. రెండోదాంట్లో ఏ కాలేజీ ఏ ఊళ్లో ఉంది, ఏ రాష్ట్రం, స్టేడియం ఏది అన్న వివరాలు. రెండూ కలిపి ఒక రిపోర్టు చేయాలి. రెండింట్లోనూ ఉమ్మడిగా ఉన్నది కాలేజీ పేరు ఒక్కటే. దాని మీద వీ-లుకప్ కొట్టాను. అరగంటలో పని అయిపోయింది. ‘ఉద్యోగమంటే ఇంతేనా’ అనుకుంటూ టీకి వెళ్లాను.

నాలుగు రోజుల తర్వాత మెయిల్ వచ్చింది. ఒహాయోలో చలికి వణుకుతూ ఆడిన మ్యాచ్‌లన్నీ మా రిపోర్టులో ఫ్లోరిడా సముద్రతీరంలో ఆడినట్టు ఉన్నాయట. కారణం చాలా చిన్నది. కాలేజీల ఫైల్లో ‘మయామీ’ అన్న పేరు రెండు వరుసల్లో ఉంది. వీ-లుకప్ పైనుంచి మొదట దొరికినదాన్నే పట్టుకుంటుంది. రెండోది ఉందని చెప్పదు, ఎర్రర్ కూడా చూపించదు. ఆ తప్పు నా ప్రొబేషన్ రివ్యూలో ఒక వాక్యంగా చేరింది. మా లీడ్ మేడమ్ కోప్పడలేదు కానీ ఒక మాట అన్నారు: ‘ఈ గొడవ నీకంటే ముందు వికీపీడియావాళ్లకు వచ్చింది. వాళ్లు ఎలా తేల్చుకున్నారో చూసి రా’.

చూశాను. రెండు రాత్రులు అదే పనిగా చూశాను. బీటెక్ నాలుగేళ్లలో డేటాబేస్ పాఠాల్లో అర్థంకానివి అక్కడ అర్థమయ్యాయి.

ఊరొకటి, యూనివర్సిటీ ఇంకొకటి

ముందుగా ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఆడేది కాదు. హెల్మెట్లు పెట్టుకుని కోలగా ఉండే బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. మనవాళ్ల ఆటను అక్కడ సాకర్ అంటారు. కాలేజీ జట్లకు అక్కడున్న ఆదరణ మనం ఊహించలేం. ఎఫ్‌బీఎస్ అనే పై స్థాయి డివిజన్లోనే 130కి పైగా జట్లున్నాయి. మొదటి కాలేజీ మ్యాచ్‌గా చెప్పుకొనేది 1869లో జరిగింది. అంటే నూటయాభై ఏళ్లకు మించిన చరిత్ర. వికీపీడియాలో ఒక్కో జట్టుకు ఒక పేజీ, ఆ జట్టు ఆడిన ఒక్కో సీజన్‌కు విడిగా ఇంకో పేజీ. లెక్క వేలల్లోకి వెళ్తుంది. ఇవన్నీ జీతం లేకుండా రాసే ఔత్సాహికులు, ఒకరినొకరు ఎన్నడూ చూడనివాళ్లు. వాళ్లందరూ ఒకే పద్ధతిలో పేర్లు పెట్టాలి.

నన్ను ముంచిన మయామీ సంగతే చూడండి. యూనివర్సిటీ ఆఫ్ మయామీ ఫ్లోరిడాలో ఉంది, 1925లో పెట్టారు. మయామీ యూనివర్సిటీ ఒహాయో రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ఉంది, 1809 నాటిది. అంటే ఫ్లోరిడాలో మయామీ నగరం పుట్టకముందే ఒహాయోలో మయామీ యూనివర్సిటీ ఉంది! దానికి ఆ పేరు అక్కడి మయామీ అనే ఆదివాసీ తెగ నుంచి వచ్చింది. ఎమ్మెస్‌కు అప్లై చేసేటప్పుడు ఈ రెండింటినీ కలిపేసుకుంటే ఎంత చిక్కో వేరే చెప్పక్కర్లేదు.

వికీపీడియా సూత్రం ఇది: కాలేజీ పొట్టి పేరు, జట్టు ముద్దుపేరు, ఆ తర్వాత ఫుట్‌బాల్ అన్న మాట. కాబట్టి ఒక పేజీ ‘మయామీ హరికేన్స్ ఫుట్‌బాల్’, ఇంకోటి ‘మయామీ రెడ్‌హాక్స్ ఫుట్‌బాల్’. బ్రాకెట్లు అక్కర్లేదు, రాష్ట్రం పేరు అక్కర్లేదు, ముద్దుపేరే తేడా చూపిస్తుంది. సీజన్ పేజీ అయితే ముందు సంవత్సరం, చివర టీమ్ అన్న మాట చేరతాయి. ‘2019 ఎల్‌ఎస్‌యూ టైగర్స్ ఫుట్‌బాల్ టీమ్’ అన్నట్టు.

డీబీఎమ్ఎస్ పుస్తకంలో కాంపోజిట్ కీ అని చదివి ఉంటారు. ఒక కాలమ్ చాలకపోతే రెండు మూడు కాలమ్‌లు కలిపి ఒక వరుసను గుర్తుపట్టడం. టైగర్స్ అన్నది ఒక్కటే చూస్తే ఎల్‌ఎస్‌యూ, ఆబర్న్, క్లెమ్సన్, మిస్సోరి, మెంఫిస్, ప్రిన్స్‌టన్ అందరూ టైగర్సే. మయామీ ఒక్కటే చూస్తే ఇద్దరున్నారు. రెండూ కలిపితే ఒక్కరే. నేను ఎగ్జామ్‌లో దీనికి నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకున్నాను. పనికొచ్చే చోట మాత్రం వాడలేదు.

పేరు సరిగ్గా పెడితే కోడ్ తగ్గుతుంది

ఈ సూత్రం చూడ్డానికి చక్కగా ఉండటం కోసమే కాదు. వికీపీడియాలో మూసలు ఉంటాయి, అంటే టెంప్లేట్లు. కాలేజీ ఫుట్‌బాల్ పేజీల్లో ‘సీఎఫ్‌బీ లింక్’ అనే మూస వాడతారు. దానికి సంవత్సరం, జట్టు పేరు ఇస్తే చాలు, ఆ రెండు ముక్కలూ అతికించి, చివర ‘ఫుట్‌బాల్ టీమ్’ తగిలించి సీజన్ పేజీకి లింకు తయారుచేస్తుంది. అలాంటి పేజీ ఇంకా ఎవరూ రాయకపోతే జట్టు మామూలు పేజీకి పంపిస్తుంది. ఒక్క పేజీకి ఎవరైనా సూత్రం తప్పించి పేరు పెట్టారనుకోండి, ఆ జట్టుతో ఆడిన ప్రత్యర్థులందరి పేజీల్లో లింకు దారి తప్పుతుంది. పేర్ల క్రమశిక్షణ మీద ప్రోగ్రాం నడవడమంటే ఇదే. కంపెనీల్లో ఫోల్డర్లకు, టేబుళ్లకు, ఏపీఐ చిరునామాలకు పేర్ల నిబంధనలు పెట్టేదీ ఇందుకే. కొత్తగా చేరినవాళ్లకు అది అధికారుల చాదస్తంలా కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది.

పొట్టి పేరు ఎవరు నిర్ణయిస్తారు?

సూత్రంలో కష్టమైన భాగం మొదటిదే. కాలేజీని ఏమని పిలవాలి? అధికారిక పేరు పెడితే సరిపోతుంది కదా అంటారు. వికీపీడియా అలా చేయదు. పేజీ పేరుకు ఐదు లక్షణాలు చూస్తుంది: చదివేవాళ్లు గుర్తుపట్టాలి, సహజంగా ఉండాలి, కచ్చితంగా ఉండాలి, క్లుప్తంగా ఉండాలి, తోటి పేజీలతో పొంతన కుదరాలి. అధికారికమా కాదా అన్నది ఆ ఐదింటిలో లేదు. పత్రికలు, టీవీలు, పుస్తకాలు ఎక్కువగా ఏమంటున్నాయో అదే పేరు.

అందుకే యూనివర్సిటీ ఆఫ్ మిసిసిపీ జట్టు పేజీ ‘ఓల్ మిస్ రెబెల్స్ ఫుట్‌బాల్’. లూసియానా స్టేట్ యూనివర్సిటీ పేరును జనం ఎల్‌ఎస్‌యూ అని మూడక్షరాల్లో పిలుస్తారు కాబట్టి అదే పేజీ పేరులోకి వచ్చింది. ఒహాయో స్టేట్ కథ సరదాగా ఉంటుంది. ఆ యూనివర్సిటీ తన పేరు ముందున్న ‘ది’ అన్న మాట మీద ఎంత పట్టుదలగా ఉంటుందంటే, 2022లో దుస్తుల మీద వాడుకునేందుకు ఆ ఒక్క మాటకు ట్రేడ్‌మార్క్ తెచ్చుకుంది. వికీపీడియా మాత్రం పేజీ పేర్లలో ఆ ‘ది’ని పక్కన పెట్టేసింది.

మనవాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ టెక్సస్. డాలస్, ఆర్లింగ్టన్, శాన్ ఆంటోనియో, ఆస్టిన్... యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ అంటే మనింట్లో ఎవరు ఎక్కడ చదివితే అదే! ఆటల్లో మాత్రం ‘టెక్సస్’ అని ఊరికే అంటే ఆస్టిన్. పేజీ ‘టెక్సస్ లాంగ్‌హార్న్స్ ఫుట్‌బాల్’. శాన్ ఆంటోనియోది ‘యూటీఎస్‌ఏ రోడ్‌రన్నర్స్ ఫుట్‌బాల్’. ఆర్లింగ్టన్ వాళ్లు 1985 సీజన్ తర్వాత ఫుట్‌బాల్ జట్టునే ఎత్తేశారు. డాలస్‌కు అసలు జట్టే లేదు, కాబట్టి గొడవా లేదు. అలాగే పెన్ వేరు, పెన్ స్టేట్ వేరు. ‘పెన్ క్వేకర్స్’ ఫిలడెల్ఫియాలోని ఐవీ లీగ్ యూనివర్సిటీ జట్టు, ‘పెన్ స్టేట్ నిటనీ లయన్స్’ అదే రాష్ట్రంలో ఉన్న మరో యూనివర్సిటీది. లింక్డ్‌ఇన్‌లో ఈ రెండింటినీ కలిపేసి అభినందనలు చెప్పేవాళ్లను నేను చాలామందిని చూశాను.

కాంపోజిట్ కీ కూడా తప్పిన చోటు

కాలేజీ పేరు, ముద్దుపేరు కలిపితే ఇక తిరుగులేదు అనుకున్నాను. అగస్టానా దగ్గర ఆ నమ్మకం పోయింది.

ఇల్లినాయిస్ రాష్ట్రం రాక్ ఐలాండ్‌లో అగస్టానా కాలేజ్ ఉంది. సౌత్ డకోటా రాష్ట్రం సూ ఫాల్స్‌లో ఇంకో అగస్టానా ఉంది. ఇద్దరి మూలం 1860లో స్కాండినేవియా వలసదారులు పెట్టిన ఒకే లూథరన్ విద్యాసంస్థ. తర్వాత చెరో దారి పట్టారు. పేరు మాత్రం ఇద్దరూ వదులుకోలేదు. పూర్వీకుల గుర్తుగా జట్టు ముద్దుపేరు కూడా ఇద్దరూ ఒకటే పెట్టుకున్నారు: వైకింగ్స్! సౌత్ డకోటా వాళ్లు 2015లో కాలేజీ నుంచి యూనివర్సిటీగా మారారు. అప్పటిదాకా పూర్తి పేరు, ముద్దుపేరు అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఇల్లినాయిస్ జట్టు అనామకమైనదేమీ కాదు, 1983 నుంచి 1986 దాకా వరసగా నాలుగేళ్లు డివిజన్ త్రీ జాతీయ విజేత.

అప్పుడిక బ్రాకెట్ తప్పలేదు. ‘1983 అగస్టానా (ఇల్లినాయిస్) వైకింగ్స్ ఫుట్‌బాల్ టీమ్’. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బ్రాకెట్ చివర పెట్టలేదు, మధ్యలో పెట్టారు, ఎందుకంటే అయోమయం ఉన్నది కాలేజీ పేరులో. ఇంకోటి, ఇద్దరు అగస్టానాల కోసం మిగతా వందల జట్ల పేర్లలో రాష్ట్రం చేర్చలేదు. అవసరమైన చోటే అవసరమైనంతే. మా ఆఫీసులో అయితే ఇలాంటి ఒక్క కేసు దొరకగానే అందరి పేర్లకూ రాష్ట్రం తగిలించేసేవాళ్లం. నిజానికి మయామీ దెబ్బ తర్వాత నేను చేసింది అదే. ఫైలు సరిగ్గానే వచ్చింది కానీ చదవడం నరకంగా ఉండేది.

తెలుగు వికీపీడియాలో దీన్ని ‘అయోమయ నివృత్తి’ అంటారు. నాకు చాలా ఇష్టమైన మాట. అక్కడ ఈ సమస్య జట్లకు కాదు, ఊళ్లకు. మన దగ్గర ఎన్ని కొత్తపల్లులు, ఎన్ని రామాపురాలు ఉన్నాయో ఆలోచించండి. ఊరి పేరు పక్కన బ్రాకెట్లో మండలం పేరు రాసి అక్కడ నెట్టుకొస్తున్నారు.

కాలం మారితే పేరేం కావాలి?

ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లు బాగా పట్టుకోవాల్సిన భాగం ఇది.

ఒహాయో మయామీ జట్టు పేరు మొదట్లో రెడ్‌హాక్స్ కాదు, రెడ్‌స్కిన్స్. ఆదివాసీలను చర్మం రంగుతో పిలిచే మాట అది. మయామీ తెగ 1996లో ఆ పేరుకు మద్దతు ఉపసంహరించుకుంది, 1997లో జట్టు రెడ్‌హాక్స్ అయింది. మరి 1973లో ఆడిన జట్టు పేజీకి ఏ పేరుండాలి? వికీపీడియా జవాబు: ఆ ఏడాది ఏ పేరుతో ఆడారో అదే. ‘1973 మయామీ రెడ్‌స్కిన్స్ ఫుట్‌బాల్ టీమ్’. జట్టు మొత్తం చరిత్ర చెప్పే పేజీకి మాత్రం ఇప్పటి పేరు. స్టాన్‌ఫర్డ్ కూడా అంతే. 1972 దాకా ఇండియన్స్, తర్వాత కార్డినల్స్, 1981 నుంచి చివర ‘స్’ లేని కార్డినల్. మొదటి పేరు ఆదివాసీలది, చివరిది ఒక ఎరుపు రంగు పేరు. 1970 పేజీ, 1977 పేజీ, 1982 పేజీ మూడింటికీ మూడు పేర్లు. కాలేజీ మాత్రం ఒక్కటే.

డేటా వేర్‌హౌస్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ‘స్లోలీ చేంజింగ్ డైమెన్షన్’ గురించి అడుగుతారు. టైప్ వన్ అంటే పాత విలువ చెరిపేసి కొత్తది రాయడం. టైప్ టూ అంటే పాత వరుస అలాగే ఉంచి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చెల్లుతుందో తేదీలు వేసి, కొత్త వరుస చేర్చడం. జట్టు పేజీ టైప్ వన్, సీజన్ పేజీలు టైప్ టూ. ఇలా చెప్పి చూడండి, ‘కస్టమర్ అడ్రస్ మారితే’ అనే అరిగిపోయిన ఉదాహరణ విని విని విసిగిన ఇంటర్వ్యూయర్ తల ఎత్తి చూస్తారు.

ఇందులో మనవాళ్లకు సూటిగా తగిలేది ఒకటుంది. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ–కామర్స్ అంటే ఎమ్మెస్‌కు వెళ్లే మన విద్యార్థులకు పరిచయమున్న పేరే. 2024 నవంబరులో, ఫుట్‌బాల్ సీజన్ నడుస్తుండగానే, దాని పేరు ఈస్ట్ టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీగా మారింది. 1996కు ముందు అది ఈస్ట్ టెక్సస్ స్టేట్. ఆ జట్టు 1972లో ఎన్‌ఏఐఏ టైటిల్ గెలిచింది, 2017లో డివిజన్ టూ టైటిల్ గెలిచింది. మొదటిది ఈస్ట్ టెక్సస్ స్టేట్ పేరుతో, రెండోది కామర్స్ పేరుతో. రెండు పేజీలూ అప్పటి పేర్లతోనే ఉన్నాయి.

జట్టు సంగతి సరే, 2022లో అక్కడ ఎమ్మెస్ చేసినవాళ్ల రెజ్యూమేలో ఏం రాయాలి? నా సలహా, పట్టా మీద ఏముందో అదే రాసి, పక్కన ‘ప్రస్తుతం ఈస్ట్ టెక్సస్ ఏ అండ్ ఎం’ అని చేర్చండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు పట్టాతో పోల్చి చూస్తారు, గూగుల్‌లో వెతికేవాళ్లు కొత్త పేరు చూస్తారు. ఇద్దరికీ జవాబు దొరకాలి. జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా విడిపోయినప్పుడు మన సీనియర్లకూ ఇదే చిక్కు. అంతకు ముందు పాసైన వాళ్ల పట్టా మీద ఊరి పేరు తోక లేని జేఎన్‌టీయూ ఉంటుంది. ఆన్‌లైన్ ఫారాల్లోని డ్రాప్‌డౌన్‌లో మాత్రం ఆ మూడే కనిపిస్తాయి.

నియమం అన్నిచోట్లా కచ్చితంగా అమలవుతుందని కాదు. నోటర్ డామ్ జట్టుకు ఫైటింగ్ ఐరిష్ అన్నది 1927లో అధికారికమైంది. వికీపీడియాలో 1924 జట్టు పేజీకి కూడా అదే పేరు. జనం, పత్రికలు అంతకుముందే ఆ మాట వాడుతున్నారు కాబట్టి దాన్ని సమర్థించుకోవచ్చు. నాకైతే ఆ సమర్థన పూర్తిగా నచ్చలేదు.

ఖాళీ, సంవత్సరం, గీత

నార్త్ డకోటా యూనివర్సిటీ 2012లో ఫైటింగ్ సూ అన్న ముద్దుపేరు వదిలేసింది. కొత్తగా ఫైటింగ్ హాక్స్ అని తేల్చుకునేసరికి 2015 వచ్చింది. మధ్యలో జట్టుకు ముద్దుపేరే లేదు! ఆ సీజన్ పేజీ ‘2013 నార్త్ డకోటా ఫుట్‌బాల్ టీమ్’. ముద్దుపేరు ఉండాల్సిన చోట పాత పేరు తెచ్చి పెట్టలేదు, రాబోయే పేరు ముందే అంటించలేదు, ఖాళీగా వదిలేశారు. మనమైతే ఖాళీ కనిపిస్తే చాలు, ఏదో ఒకటి నింపేస్తాం. డేటాలో నల్ అన్నది కూడా ఒక సమాచారమే అని ప్రొఫెసర్లు చెప్తుంటే ఆవలించిన వాళ్లలో నేనూ ఉన్నాను.

సంవత్సరంతో ఇంకో తిరకాసు. కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో మొదలై జనవరిలో ముగుస్తుంది. సీజన్‌కు ఒకటే సంవత్సరం రాస్తారు, మొదలైన ఏడాది. బౌల్ గేమ్స్ అనే ముగింపు మ్యాచ్‌లకు మాత్రం ఆడిన తేదీలోని సంవత్సరం. దాంతో 2017లో కాటన్ బౌల్ రెండుసార్లు వచ్చింది. జనవరి 2న విస్కాన్సిన్, వెస్టర్న్ మిషిగన్ ఆడిన మ్యాచ్ 2016 సీజన్‌ది. డిసెంబరు 29న ఒహాయో స్టేట్, యూఎస్‌సీ ఆడింది 2017 సీజన్‌ది. పేజీల పేర్లలో బ్రాకెట్లో ‘జనవరి’, ‘డిసెంబరు’ అని పెట్టి విడదీశారు. బాస్కెట్‌బాల్‌లో ఈ గొడవ లేదు, ‘2019–20’ అని రెండేళ్లూ రాసేస్తారు. ఆర్థిక సంవత్సరం, విద్యా సంవత్సరం, క్యాలెండర్ సంవత్సరం ఒకే కాలమ్‌లో కలిసిపోయిన ఫైలు మీకూ ఏదో ఒక రోజు వస్తుంది. కాలమ్ పేరు ‘ఇయర్’ అని మాత్రమే ఉంటుంది.

ఇక గీతలు. కామర్స్ పేరులో, అర్కాన్సా–పైన్ బ్లఫ్ పేరులో మధ్య ఉన్న గీత మన కీబోర్డు మీది హైఫన్ కాదు, దానికంటే కాస్త పొడవుండే ఎన్-డాష్. కంటికి ఒకటే, కంప్యూటర్‌కు వేరు. లూసియానా జట్టు ‘రేజిన్ కేజన్స్’ పేరులో ఒక అపాస్ట్రఫీ ఉంటుంది. నిలువుదీ వంపుదీ రెండు రకాలున్నాయి. సరిగ్గా రాయని ఎస్‌క్యూఎల్‌ను విరగ్గొట్టడానికి అదొక్కటి చాలు. ‘ఏ అండ్ ఎం’లోని అండ్ గుర్తు వెబ్ చిరునామాలో ప్రశ్న గుర్తు తర్వాత వస్తే, అక్కడితో ఒక విలువ అయిపోయిందని ఆ చిరునామాను విడదీసి చదివే ప్రోగ్రాం అనుకుంటుంది. నేను డీబగ్గింగ్‌లో పోగొట్టుకున్న ఆదివారాల్లో సగం ఇలాంటి చుక్కలూ గీతలవే.

పేరు మార్చాలంటే వారం రోజులు వాదించాలి

పేజీ పేరు మార్చినా పాత పేరు చచ్చిపోదు. అది దారిమార్పుగా, అంటే రీడైరెక్ట్‌గా మిగులుతుంది. పాత లింకు నొక్కినవాళ్లు కొత్త పేజీకి చేరతారు. హైఫన్‌తో టైప్ చేసినా ఎన్-డాష్ పేజీకే వెళ్లేలా దారిమార్పులు పెడతారు. పాత వెర్షన్ వాడేవాళ్లను నడిరోడ్డు మీద వదిలేయకుండా ఏపీఐ మార్చడం కూడా ఇలాగే.

ఎవరికైనా అభ్యంతరం ఉండే మార్పయితే ముందు చర్చ పేజీలో ప్రతిపాదన పెట్టాలి. మామూలుగా ఏడు రోజులు నడుస్తుంది. చేతులెత్తి లెక్కపెట్టడం కాదు, ఎవరి వాదనకు ఆధారాలు బలంగా ఉన్నాయో చూసి, చర్చలో పాల్గొననివాళ్లు ముగిస్తారు. ఉదాహరణకు లూసియానా వాళ్లను ‘లూసియానా–లఫయెట్’ అనాలా, ఊరికే ‘లూసియానా’ అంటే చాలా అన్నది ఏళ్ల తరబడి నలిగిన వాదన. యూనివర్సిటీకి పొట్టి పేరు కావాలి, పత్రికలు చాలాకాలం పొడుగు పేరే రాశాయి. చివరికి వాడుక మారింది, పేజీ పేరూ మారింది. ఈ చర్చలు చదవండి. కొన్నిచోట్ల పిల్లల తగాదాల్లా ఉంటాయి. కొన్నిచోట్ల మాత్రం, ఎదుటివాళ్ల మాట తప్పని ఒక్క దురుసు పదం లేకుండా నిరూపించే నేర్పు కనిపిస్తుంది. కోడ్ రివ్యూలో కామెంటు రాయడం నాకు అక్కడే అలవాటైంది.

వికీపీడియాలో ఖాతా తెరవడం ఉచితం. తెలుగు వికీలో పేరు సరిగ్గా లేని పేజీలు, దారిమార్పు లేని పేజీలు కావాల్సినన్ని దొరుకుతాయి. ఒక మార్పు ప్రతిపాదించి, ఆధారాలు పెట్టి, ఒప్పించి చూడండి. ‘టీమ్‌లో అభిప్రాయ భేదం వస్తే ఏం చేశారు’ అన్న హెచ్ఆర్ ప్రశ్నకు ఫ్రెషర్లు కాలేజీ ఫెస్ట్ కథలే చెప్తుంటారు. మీ దగ్గర లింకుతో సహా జవాబు ఉంటుంది. టెక్నికల్ రైటర్ ఉద్యోగాలు చూస్తున్నవాళ్లకైతే ఇది నేరుగా పనికొచ్చే అనుభవం. పెద్ద కంపెనీల్లో కస్టమర్లు, సరుకులు, సప్లయర్ల పేర్లను చక్కబెట్టే మాస్టర్ డేటా టీములు ఉంటాయి. అక్కడ రోజూ జరిగే పని ఈ అగస్టానా పంచాయితీలే.

పేర్లతో ఎంత కుస్తీ పట్టినా చివరికి డేటా కలపాల్సింది పేర్ల మీద కాదు. వికీపీడియాకు తోడుగా 2012లో మొదలైన వికీడేటాలో ప్రతి అంశానికీ ‘క్యూ’తో మొదలయ్యే ఒక సంఖ్య ఉంటుంది. పేరు ఎన్నిసార్లు మారినా, ఏ భాషలో రాసినా ఆ సంఖ్య మారదు. పేరు మనిషి చదవడానికి, సంఖ్య యంత్రం కలపడానికి. నా మయామీ ఫైల్లో కూడా చివరికి ఒక సంఖ్యల కాలమ్ చేర్చి, పేర్లలోంచి రాష్ట్రాలు తీసేశాను.

ఈ మధ్య ఇంటర్వ్యూ ప్యానల్లో కూర్చుంటున్నాను. ఫ్రెషర్లకు రెండు వరుసలు చూపిస్తుంటాను. ఒకటి 2017 టెక్సస్ ఏ అండ్ ఎం–కామర్స్, ఇంకోటి 2025 ఈస్ట్ టెక్సస్ ఏ అండ్ ఎం. ఇవి ఎన్ని యూనివర్సిటీలు అని అడుగుతాను. చాలామంది టక్కున రెండు అంటారు, కొందరు ఒకటి అంటారు. మొన్న ఓ అమ్మాయి రెండూ అనలేదు. ‘ఈ పేర్లు ఏ తేదీ నాటివో, మన టేబుల్లో ఐడీ కాలమ్ ఉందో లేదో చెప్పండి సర్, అప్పుడు చెప్తాను’ అంది. ఆ వెంటనే స్క్రీన్ మీదున్న గీత వైపు చూపించి, ‘ఇది హైఫనా సర్?’ అని అడిగింది. కాదని చెప్పి, తర్వాతి రౌండ్‌కు పంపించాను.